పుస్తకాల పురుగుకి గిఫ్ట్ ఇస్తున్నారా? షాపుకెళ్లే ముందు ఈ ఒక్క పని చేయండి..

రోజూ చదివేవాళ్లకి పుస్తకం కొనడం ఈజీ అనుకుంటాం. నిజానికి వాళ్లకి కొనడమే కష్టం. అందరూ మాట్లాడుకునే పుస్తకం వాళ్ల అల్మరాలోకి ఎప్పుడో చేరిపోయి ఉంటుంది. అందుకే ముందు ఆ అల్మరాని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఏం లేదో తెలిసిపోతుంది.

అన్నీ నవలలేనా? అయితే నాన్ ఫిక్షన్ వైపు వెళ్లండి. మా ఓటు ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’కే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మేలో బయల్దేరి, 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చారు. రైళ్లు లేని రోజులవి! కడప, హైదరాబాద్, నాగ్‌పూర్ మీదుగా వెళ్తూ దారులెలా ఉన్నాయి, ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది.. అన్నీ రాసిపెట్టారు. మీవాళ్ల ఊరు ఆ దారిలో ఉంటే, ఆ పేజీలో చీటీ పెట్టి ఇవ్వండి. ఇక పుస్తకం కింద పెట్టరు. కాకపోతే భాష పాతది.. ఇప్పుడిప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్లకి వద్దు.

ఆత్మకథలు ఇష్టపడేవాళ్లకి తిరుమల రామచంద్ర ‘హంపీ నుంచి హరప్పా దాక’ బెటర్. 2001లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం.

పెద్దవాళ్లకైతే అక్షరాల సైజు చూడకుండా అస్సలు కొనొద్దు. కళ్లు సహకరించక చదవడం తగ్గించినవాళ్లకి కొత్త పుస్తకం కన్నా క్లిప్ లైట్, మన పాత వ్యాసపీఠం ఎక్కువ పనికొస్తాయి. కొటేషన్లున్న కప్పులంటారా? వాటిలో కాఫీ తాగొచ్చు, అంతే.

ఇంకోటి.. మార్చి ఇస్తారేమో షాపులో ముందే అడగండి. అప్పటిదాకా మొదటి పేజీలో పేరు రాయొద్దు. రాసిన కాపీని వెనక్కి తీసుకోరు.