పై పొర ఎవరిది?

గుంటూరులో కొత్త మేడకి పునాది తీస్తుంటే కాసేపు నిలబడి గోతి గోడ చూడండి. పైన సిమెంటు పెళ్లలు, ప్లాస్టిక్కు. అడుగున నల్లరేగడి. నడుమ బూడిదరంగు మట్టిలో పెంకులు, సీసా ముక్కలు, ఎముకలు, అదృష్టముంటే కంపెనీ కాలపు రాగి నాణెం. ఆ నడిమి పొర తెల్లవాళ్ల కాలం నాటిది కావచ్చు. సాయంత్రానికి లారీ ఎక్కిపోతుంది.

తవ్వకం సూత్రం తేలికే. కిందిది పాతది, పైది కొత్తది. నాణెం దొరికిన పొర, ఆ నాణెం అచ్చయిన ఏటికి ముందుది కాదు. పాత పొరని కోస్తూ గొయ్యి తీసివుంటే, గోతిలో నిండిన మట్టిని విడిగా లెక్కించాలి. ఇది తెలియక కలిపేస్తే రెండు కాలాలు ఒకటైపోతాయి.

మన ప్రాంతంలో తవ్వకమంటే మొదట్నించీ కింది పొర కోసం దేవులాటే. అమరావతికి 1797లో మెకంజీ వచ్చాడు, 1845లో ఇలియట్ తవ్వించాడు, 1877లో సూయెల్. 1880లో గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు ఉత్తర్వుతో స్థూపం చోటంతా ఊడ్చేశారు. శిల్పాలు మద్రాసుకీ లండన్‌కీ చేరాయి. తట్టలు మోసినవాళ్ల పేర్లు మనం చదివే పుస్తకాల్లో లేవు.

ఆ డ్యూకు పేరే ఒంగోలు దిక్కున పోయే కాలువకీ పెట్టారు. 1876-78 ధాతు కరువులో అది కరువుపని. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకి తీసుకుని పని ఇచ్చాడు. తవ్వినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి అందరూ చెబుతారు. ఆ కూలీలు తాటాకు పాకలేసుకున్న చోట గుంజల గుంతలు, పొయ్యి బూడిద, పగిలిన కుండలు ఏమైనా మిగిలాయేమో ఎవరైనా వెతికారా? మా లెక్కన ఆ కాలువగట్టే ఒక పొర. ఆకలి పోసిన మట్టి అది.

అంతకు ముందు 1832-33 నందన కరువుంది. గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనాభాలో రెండు లక్షల దాకా పోయారని ఆనాటి అంచనా. అంతమందిని ఎక్కడో పూడ్చివుండాలి.

వాడల సంగతి ఇంకా దగ్గరిది. తోళ్లు ఊనిన లందలు ఉన్నచోట మట్టి ఊరికే పోదు. సున్నపు గుంత గోడకి తెల్లటి పెచ్చు కడుతుంది. తంగేడు చెక్క నానిన చోట మట్టి రంగు మారుతుంది. కొమ్ములు, గిట్టలు కుప్పగా దొరుకుతాయి. ఊరు పెరిగి వాడని మింగేసినా అడుగున ఈ గుర్తులు ఉండొచ్చు. కాగితం మీద ‘పల్లె’ అని ఒక్క ముక్క రాసి వదిలేసిన చోట, పని ఎంత జరిగిందో మట్టి చెబుతుంది.

చట్టం అడ్డం కాదు. 1958 నాటి పురావస్తు చట్టానికి కనీసం వందేళ్ల పాతదనం చాలు. అడ్డం వచ్చేది అలవాటు: శాతవాహనుల ఇటుక ‘చరిత్ర’, లంద ‘చెత్త’. న్యూయార్కులో 1991లో ప్రభుత్వ భవనానికి పునాది తీస్తే నల్లవాళ్ల శ్మశానం బయటపడింది. ఆ జనం రోడ్డెక్కి పని ఆపించారు. 419 మంది అవశేషాల్ని పరిశోధించి, 2003లో గౌరవంగా తిరిగి పూడ్చారు.

విద్యార్థులు సొంతంగా తవ్వొద్దు. ఎవరో తవ్వుతున్న చోటికే వెళ్లండి. అనుమతి అడిగి గోతి గోడని ఫొటో తీయండి, పక్కన కొలబద్ద ఉంచండి, ఏది ఎంత లోతులో ఉందో రాసుకోండి. తర్వాత వాడలో ముసలమ్మల్ని అడగండి: లందలు ఎక్కడ ఉండేవమ్మా, ఏ దిక్కున?