వరుస దాటిన బాకా

సైనిక బ్యాండులో ఊదిన వాద్యకారుడు సొంత పేరుతో జాజ్ ఆల్బమ్ చేయడానికి ఎంత కాలం పడుతుంది? క్లార్క్ టెర్రీకి పదేళ్లు పట్టింది. ఢిల్లీ కవాతులో కొత్తగా చేరుతున్న కుర్రాళ్ల సర్వీసే నాలుగేళ్లు.

ఏటా జనవరి 29 సాయంత్రం ఢిల్లీలోని విజయ్ చౌక్ వాద్యకారుల పాలవుతుంది. నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ గోడల అంచున ఒంటెలు బొమ్మల్లా నిలబడి ఉంటాయి. రైసినా కొండ వాలు నుంచి త్రివిధ దళాల బ్యాండ్లు ఒకదాని వెంట ఒకటి దిగి వస్తాయి. గణతంత్ర వేడుకలకు ముగింపు పలికే బీటింగ్ రిట్రీట్ అది. 1950ల తొలినాళ్ల నుంచీ జరుగుతోంది. ముందు వరుసల్లో తళతళలాడే ఇత్తడి వాద్యాల్లో ట్రంపెట్లు ఎన్నో ఉంటాయి. కార్యక్రమం అయ్యాక ఇంటికెళ్లే ప్రేక్షకుడికి వాటిలో ఒక్కటి ఊదినవాడి ముఖమైనా గుర్తుండదు. గుర్తుండకూడదు కూడా. అంతమందిలో ఒక ట్రంపెట్ విడిగా వినిపించిందంటే ఎవరో తప్పు ఊదారనే లెక్క.

జాజ్‌లో ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ ఒకడు విడిగా వినిపించకపోతేనే తప్పు. మన కచేరీ భాషలో చెప్పాలంటే జాజ్‌కు ప్రాణం మనోధర్మం. పాట ఎత్తుగడ అందరిదీ, ఆ తర్వాతి కల్పన ఎవరిది వారిదే. ఇక తన పేరు మీద ఆల్బమ్ చేయడమంటే పక్కవాద్యం కుర్చీలోంచి లేచి కచేరీ చేసే విద్వాంసుడి చోట కూర్చోవడమే. పాటలు ఎంచుకోవాలి, మనుషుల్ని ఎంచుకోవాలి, బాగా రాకపోతే తిట్లు కూడా తనే తినాలి. ఏళ్ల తరబడి వరుసలో కలిసిపోవడమే నేర్చుకున్నవాడికి అంత తేలిక కాదు.

ఆ పని చేసినవారిలో పెద్ద పేరు క్లార్క్ టెర్రీది. 1920లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పేద నల్లజాతి కుటుంబంలో పుట్టారు. ట్రంపెట్ కొనే స్తోమత లేక తోటకు నీళ్లు పట్టే గొట్టానికి గరాటు తగిలించి, కొసన చిన్న పైపు ముక్క పెట్టి ఊదిన పిల్లాడు. 1942లో నౌకాదళంలో చేరారు. అప్పటిదాకా అమెరికా నౌకాదళంలో నల్లవారికి దక్కే ఉద్యోగాలు ప్రధానంగా వంటశాలలో, అధికారుల భోజనశాలలో. యుద్ధం ముంచుకొచ్చాక ఆ ఏడాదే సంగీతకారులుగానూ తీసుకోవడం మొదలుపెట్టారు. షికాగో దగ్గరి గ్రేట్ లేక్స్ శిక్షణ కేంద్రంలో దాదాపు 5 వేల మంది నల్లజాతి వాద్యకారులు తయారయ్యారు. శిబిరం మాత్రం వేరు. దేశం కోసం ఊదాలి కానీ తెల్లవారి పక్కన నిలబడి కాదు. ఆ వెలివేత లోపలే ఒక విచిత్రం జరిగింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన మంచి వాద్యకారులంతా ఒకే చోట పోగుపడ్డారు. పగలు కవాతు పాటలు, మిగతా వేళల్లో స్వింగ్, నోట్లో ఎప్పుడూ వాద్యం. టెర్రీ 1945లో బయటికొచ్చారు.

వెంటనే ఆల్బమ్ చేశారా అంటే, లేదు. 1948 నుంచి కౌంట్ బేసీ బృందంలో, 1951 నుంచి డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో ఊదారు. బేసీ దగ్గరిది సన్నాహక పాఠశాల, ఎలింగ్టన్ దగ్గరిది విశ్వవిద్యాలయం అని ఆయన చెప్పుకునేవారు. సొంత పేరుతో తొలి ఆల్బమ్ రికార్డు చేసింది 1955 జనవరిలో, న్యూయార్క్‌లో, ఎమార్సీ కంపెనీకి. అప్పటికి ఆయన వయసు 34. నౌకాదళం వదిలి పదేళ్లు కావస్తోంది. ఆల్బమ్ పేరు కూడా ‘క్లార్క్ టెర్రీ’యే. యూనిఫారంలో ఉండగా పేరు కనిపించని మనిషికి అట్ట మీద పేరు తప్ప మరేదీ అక్కర్లేదని కంపెనీ అనుకున్నట్టుంది. డ్రమ్స్ మీద ఆర్ట్ బ్లేకీ, పియానో మీద హోరెస్ సిల్వర్, చెలో, బేస్‌లతో ఆస్కార్ పెటిఫోర్డ్. ఎవరికి వారే ఉద్దండులు. వాళ్ల మధ్య టెర్రీ ట్రంపెట్ కేకలు పెట్టదు. నవ్వుతూ మాట్లాడే పెద్దమనిషిలా మాట విరుస్తుంది, సాగదీస్తుంది, చివర్లో చిన్న చమత్కారం వదిలి తప్పుకుంటుంది.

ఆ ఆల్బమ్‌కు సంగీతం కూర్చిన కుర్రాడి కథ మరీ బాగుంటుంది. కొన్నేళ్ల కిందట బేసీ బృందంతో సియాటిల్ వెళ్లినప్పుడు ఓ స్కూలు పిల్లాడు ట్రంపెట్ నేర్పమని టెర్రీని పట్టుకున్నాడు. టెర్రీ కచేరీ ముగించి పడుకునేసరికి తెల్లవారుజాము. పిల్లాడికి బడి ఉంది. దాంతో బడికి వెళ్లేముందు పొద్దున్నే వచ్చి తలుపు తట్టేవాడు. నిద్ర చాలని గురువు లేచి పాఠం చెప్పేవారు. ఆ పిల్లాడే క్విన్సీ జోన్స్. తర్వాత మైఖేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను నిర్మించినవాడు. 21 ఏళ్ల వయసులో గురువు తొలి ఆల్బమ్‌కు వాద్య సంవిధానం చేశాడు.

ఎలింగ్టన్ బృందం ఢిల్లీకీ వచ్చింది, 1963 సెప్టెంబరులో, అమెరికా విదేశాంగ శాఖ పంపితే. టెర్రీ అప్పటికి నాలుగేళ్ల కిందటే ఆ బృందం వదిలేశారు. ఢిల్లీలో ఎలింగ్టన్ జబ్బుపడి ఆసుపత్రిలో చేరితే పియానో దగ్గర బిల్లీ స్ట్రేహార్న్ కూర్చున్నారు. ఆ పర్యటన జ్ఞాపకాలతో 1967లో వచ్చిన ‘ఫార్ ఈస్ట్ స్వీట్’ ఆల్బమ్‌లో ఢిల్లీ గోరువంక పేరుతో ఒక పాట కూడా ఉంది. నగరానికి జాజ్ కొత్త కాదని చెప్పడానికే ఇదంతా. తర్వాతి కాలంలో భారత సాంస్కృతిక సంబంధాల మండలి నెహ్రూ పార్కులో అంతర్జాతీయ జాజ్ ఉత్సవాలు పెట్టింది. 2015లో సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్‌లో పియానో మ్యాన్ క్లబ్ మొదలైంది. వినేవాళ్లున్నారు, వేదికలూ ఉన్నాయి. ఇటు కంటోన్మెంట్లలో చదువుకున్న ట్రంపెట్ వాద్యకారులున్నారు. ఈ రెండు ఢిల్లీల మధ్య రాకపోకలే తక్కువ.

సైనిక వాద్యకారుడికి చదువు తక్కువేమీ కాదు. సైన్యానికి మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో సంగీత విభాగం ఉంది. నౌకాదళానిది ముంబైలోని ఐఎన్ఎస్ కుంజలి. పాశ్చాత్య స్వరలిపి చూసి తడుముకోకుండా వాయించడం, ఒకటికి రెండు వాద్యాలు పట్టడం అక్కడ మామూలు. విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ డే వేడుకలు చూసినవారికి తూర్పు నౌకాదళ బ్యాండు పదును తెలుసు. నౌకాదళ బ్యాండ్లు కచేరీల్లో జాజ్ కూడా వాయిస్తాయి. అయితే రికార్డు వస్తే అట్ట మీద సాధారణంగా దళం పేరే ఉంటుంది, మహా అయితే నిర్వాహకుడి పేరు. ఆర్మీ వాద్యకారుడికైతే మరో విధి కూడా ఉంది. యుద్ధమొస్తే ట్రంపెట్ పక్కన పెట్టి గాయపడినవారి స్ట్రెచర్ మోయాలి.

ఢిల్లీలో ట్రంపెట్‌కు గౌరవం లేదనీ అనలేం. రాష్ట్రపతి అంగరక్షక దళానికి వెండి ట్రంపెట్, దానికి వేలాడే పతాకం ప్రత్యేక హక్కు. 1923లో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ మొదలుపెట్టిన ఆనవాయితీ. 2022 అక్టోబరులో ద్రౌపది ముర్ము తన పేరున ఆ రెండూ దళానికి బహూకరించారు. పతాకం మీద రాష్ట్రపతి చిహ్నం ఉంటుంది. ఊదేవాడి పేరు ఎక్కడా ఉండదు.

అదే ఏడాది బీటింగ్ రిట్రీట్‌లో ‘అబైడ్ విత్ మీ’ తీసేసి ‘ఏ మేరే వతన్ కే లోగో’ పెట్టినప్పుడు పత్రికల్లో, టీవీల్లో పెద్ద రగడే జరిగింది. ఏ పాట ఊదాలన్న దాని మీద అంతమంది మాట్లాడారు. ఊదేవాళ్ల సంగతిని మార్చేసే నిర్ణయం ఆ జూన్‌లో వచ్చింది. అగ్నిపథ్ పథకం కింద సైనికుల సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు. వాద్యకారులకూ అదే దారి. 2024లో వాయుసేన, నౌకాదళం అగ్నివీర్ సంగీతకారుల కోసం ప్రకటనలిచ్చాయి. వాయుసేన అడిగిన వాద్యాల్లో ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సఫోన్ ఉన్నాయి.

ట్రంపెట్‌కు మీటలు మూడే. మిగతా పనంతా పెదవులది. వాటి కండరాలు గట్టిపడి, శ్వాస అదుపులోకి వచ్చి, శ్రుతి నిలబడేసరికే ఏళ్లు పడుతుంది. సొంత గొంతు పలకడం ఆ తర్వాతి మాట. పాత పద్ధతిలో పదిహేనేళ్లకు పైగా సర్వీసు చేసినవారు పింఛనుతో బయటికొచ్చేవారు. స్కూలు బ్యాండుకో, పోలీసు బ్యాండుకో నేర్పుకుంటూ, మనసుంటే తమ సంగీతం తాము వెతుక్కునే వీలుండేది. వెతికినవారు తక్కువే కావచ్చు. కనీసం తిండికి వెతుక్కోనక్కర్లేదు. నాలుగేళ్ల అగ్నివీరుడికి పింఛను లేదు, సుమారు రూ.11.71 లక్షల సేవానిధి ఉంటుంది. మరోవైపు నుంచి చూసేవారూ ఉంటారు. పాతికేళ్లయినా నిండకుండా, క్రమశిక్షణతో, స్వరలిపి చదువుతో బయటికొచ్చే కుర్రాడు క్లబ్బుల వైపు అడుగేయడానికి అదే సరైన వయసు. టెర్రీ కూడా నౌకాదళంలో ఉన్నది మూడేళ్లే. కానీ ఆయన బయటికొచ్చేసరికి బేసీ, ఎలింగ్టన్ బృందాల్లాంటివి నెలనెలా జీతమిచ్చి ఊళ్లు తిప్పుతున్నాయి. ఢిల్లీలో బయట ఎదురుచూసేది పెళ్లిళ్ల సీజనే.

ఇంతాచేసి సర్వీసులో ఊదిన ట్రంపెట్ ప్రభుత్వానిది. వెళ్లేరోజు స్టోరులో అప్పగించాలి. కొత్తది కావాలంటే ఢిల్లీకి 70 కిలోమీటర్ల దూరంలో మీరట్‌లోని జలీ కోఠీకి వెళ్లొచ్చు. అక్కడి ఇరుకు సందుల్లో ఇత్తడి రేకును గొట్టంగా చుట్టి, సుత్తితో సాగగొట్టి బ్యాండు వాద్యాలు చేస్తారు. ఆ వ్యాపారానికి ఆద్యుల్లో ఒకరైన నాదిర్ అలీ 1885లో కంపెనీ పెట్టకముందు బ్రిటిష్ సైన్యంలో బ్యాండు నాయకుడు. ఆయన పేరు బోర్డు మీదికెక్కింది.