ఇంటి బేరంలో న్యాయం, మర్యాద

సొంతిల్లు కొనడం మనలో చాలా కుటుంబాలకు జీవితంలో ఒక్కసారి జరిగే పని. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు, అమ్మిన బంగారం, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన సొమ్ము అంతా ఆ ఒక్క బేరంలోకే పోతుంది. ఇంటి యజమాని మార్కెట్‌ను మించిన ధర చెబితే కొందరు కోపగించుకుని లేచి వెళ్లిపోతారు. కొందరు మొహమాటానికి ఒప్పుకుని అప్పుల్లో దిగుతారు. రెండూ నష్టమే.

ఎక్కువ ధర చెప్పడం యజమాని హక్కు. పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారమే ధర్మసమ్మతమని దివ్య ఖుర్ఆన్ (4:29) చెబుతోంది. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని అనుచరులు కోరినా దైవప్రవక్త (స) అందుకు ఒప్పుకోలేదు. అలాగే బేరమాడటం కొనేవారి హక్కు. జాబిర్ (రజి) గారి ఒంటెను ప్రవక్త (స) స్వయంగా బేరమాడి కొన్నారు. మదీనా చేరేదాకా దానిపై ప్రయాణించే షరతుకు ఒప్పుకున్నారు. చేరాక ధర చెల్లించి, ఒంటెనూ ఆయనకే తిరిగి ఇచ్చేశారు.

ముందు కారణం తెలుసుకోండి

అధిక ధర వెనుక ప్రతిసారీ అత్యాశే ఉండదు. ఇల్లు అమ్మగా వచ్చే సొమ్ము అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య పంచాల్సి ఉండవచ్చు. కూతురి నికాహ్ ఖర్చో, బ్యాంకు అప్పో ఉండవచ్చు. తండ్రి కట్టిన ఇల్లన్న మమకారం ఉండవచ్చు. కారణం తెలిస్తే దారి దొరుకుతుంది. డబ్బు త్వరగా కావాల్సినవారికి నెలలోపు రిజిస్ట్రేషన్ చేయిస్తామన్న మాట విలువైనది. వెళ్లడానికి చోటు చూసుకోవాల్సినవారికి రంజాన్ పండుగ దాకా ఇదే ఇంట్లో ఉండండన్న మాట ఊరట. ఈ రెండూ ధర తగ్గడానికి సాయపడతాయి.

లెక్క ముందు పెట్టండి

ఉదాహరణకు, 120 గజాల్లో ఉన్న పాత ఇంటికి 90 లక్షలు అడిగారనుకుందాం. అదే వీధిలో ఈ మధ్య జరిగిన అమ్మకాలను బట్టి గజం 45 వేలు ఉంటే స్థలం విలువ 54 లక్షలు. పాత కట్టడానికి మేస్త్రీ 12 లక్షలు కడితే మొత్తం 66 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతమైతే దాదాపు మరో 5 లక్షలు మీ చేతినుంచే పోతాయి. మరమ్మతులు వేరు. ఇవన్నీ చూసి మీ గరిష్ఠ ధరను ఇంట్లోనే నిర్ణయించుకుని వెళ్లండి.

మాట ఇలా మొదలుపెట్టవచ్చు: "చాచా, మీ ఇల్లు మాకు నచ్చింది. పక్క వీధిలో ఈ ధరకు అమ్ముడైంది. మా శక్తి 62 లక్షలు. మీరు ఇంట్లో అడిగి చెప్పండి." తర్వాత ఆయన్ను తొందరపెట్టకండి. రెండు మూడు వారాలు ఆగితే ఇతరులు చెప్పే ధరలూ ఆయనకు తెలుస్తాయి.

చేయకూడనివి

లేని లోపాలు చెప్పి ఇంటిని కించపరచకూడదు. తెలిసినవారిని పంపి కావాలని తక్కువ ధర చెప్పించడం మోసం. వేరొకరితో బేరం కుదిరిన ఇంటికి మధ్యలో ఎక్కువ ఇస్తామని వెళ్లడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. వితంతువు అవసరాన్ని ఆసరా చేసుకుని సగం ధరకు కొనడం లాభంలా కనిపించినా అందులో బరకత్ ఉండదు.

ధర కుదిరాక

బయానా ఇచ్చేముందు ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూడండి. వారసులందరూ, ముఖ్యంగా అక్కచెల్లెళ్లు, సంతకం చేస్తారో లేదో కనుక్కోండి. వారి వాటా ఎగ్గొట్టిన ఇల్లు ఎంత చౌకైనా కొనకండి. వక్ఫ్ భూమి కాదని నిర్ధారించుకోండి. స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం చట్టరీత్యా నిషిద్ధం కాబట్టి చెక్కు ద్వారానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. అప్పు ఒప్పందాలను సాక్షులతో రాసుకోవాలన్న ఖుర్ఆన్ (2:282) ఆదేశం ఇక్కడా మనకు మార్గదర్శకం. గడువు, బాకీ, ఖాళీ చేసే తేదీ అన్నీ కాగితం మీద ఉండాలి.

ధర కుదరకపోతే సలాం చెప్పి నవ్వుతూ లేవండి. ఆ యజమాని రేపు మసీదులో మీ పక్కనే నమాజుకు నిలబడవచ్చు. కొన్ని నెలల తర్వాత ఆయనే మీకు కబురు పంపవచ్చు. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు సౌమ్యంగా ఉండేవారిపై అల్లాహ్ కారుణ్యం కురవాలని ప్రవక్త (స) దుఆ చేశారు. ఆ దుఆలో మనకూ చోటు దక్కుగాక. ఆమీన్.