మీకు తెలుసా? టీవీ సిగ్నల్‌కు నగరి కొండ అడ్డం కాదు!

• డీడీ ఫ్రీ డిష్ చానెళ్లు 2015లో కక్ష్యలోకి వెళ్లిన ఇస్రో ఉపగ్రహం జీశాట్-15 నుంచి వస్తాయి. నగరి నుంచి చూస్తే అది ఆగ్నేయాన, దాదాపు 67 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంత పైనుంచి దిగే సిగ్నల్‌కు దూరపు కొండ అడ్డురాదు. పెరటి కొబ్బరిమట్టో, పక్కింటివాళ్లు కొత్తగా లేపిన మేడో అడ్డొస్తుంది.

• జోరువానలో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతే డిష్ చెడిందని కంగారుపడొద్దు. ఉపగ్రహం పంపే తరంగాల పొడవు మూడు సెంటీమీటర్లలోపే. వాన చినుకులు వాటిని పీల్చేస్తాయి, చెదరగొడతాయి. వాన తగ్గగానే బొమ్మ దానంతటదే వస్తుంది.

• మార్చి మధ్యలో, సెప్టెంబరు చివర్లో కొన్ని రోజులపాటు పగలు 11 గంటల ప్రాంతంలో కాసేపు సిగ్నల్ పోవచ్చు. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి రావడమే కారణం.

• సెట్‌టాప్ బాక్స్ మెనూలో సిగ్నల్ ‘స్ట్రెంగ్త్’ బాగుండి ‘క్వాలిటీ’ సున్నా చూపిస్తే, చాలాసార్లు గాలికో కోతుల వల్లో డిష్ పక్కకు తిరిగినట్టే. రెండూ సున్నా అయితే ముందు వైరు చూడండి. కనెక్టర్‌లోకి నీళ్లు దిగితే లోపలి రాగితీగకు చిలుము పడుతుంది. చుట్టూ ఉండే అల్లిక తీగలో ఒక్క పోగు దానికి తగిలినా షార్టే.

వైరు విప్పేముందు సెట్‌టాప్ బాక్స్ ప్లగ్గు తీసేయండి. ఉరుముతున్నప్పుడు మాత్రం మిద్దె ఎక్కకండి.