వీధి కూడా ఒక ఔషధమే

మోకాళ్ల నొప్పులకు, నిద్రలేమికి, అజీర్ణానికి మందు చెప్పమని వచ్చేవారిని నేను ముందుగా రెండు ప్రశ్నలు అడుగుతాను. "రోజుకు ఎంతసేపు నడుస్తున్నారు?" అన్నది మొదటిది. "నడిచేటప్పుడు ఎవరితో మాట్లాడుతున్నారు?" అన్నది రెండవది. ఈ రెండవ ప్రశ్న విని చాలామంది నవ్వుతారు. వైద్యానికీ మాటలకూ సంబంధమేమిటని వారి సందేహం. కొన్నేళ్ల క్రితం వరకు నేను కూడా ఆ ప్రశ్న అడిగేవాడిని కాను. అడగనందువలన చేసిన పొరపాటును పాఠకులకు చెప్పి, ఆ తరువాత అసలు విషయానికి వస్తాను.

ఒక రోగి నేర్పిన పాఠం

విజయవాడలో కుమారుని వద్ద ఉంటున్న డెబ్బై ఏళ్ల వృద్ధురాలొకరు జి. కొండూరులోని నా వైద్యశాలకు వచ్చారు. మోకాళ్లు పట్టివేశాయి. రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తే మరి నిద్ర లేదు. ఆకలి మందగించింది. నాడి చూచి వాతప్రకోపమని నిర్ణయించాను. మోకాళ్లకు మహానారాయణ తైలం, రాత్రివేళ పాలతో అశ్వగంధ చూర్ణం ఇచ్చి, ఉదయం అరగంట నడవమన్నాను.

మూడు నెలలు గడిచినా గుణం అంతంతమాత్రమే. "నడుస్తున్నారా అమ్మా?" అని అప్పుడు అడిగాను.

"ఎక్కడ నడవమంటారండీ? గేటు దాటితే బళ్లే. మా అబ్బాయి బయటికి పోవద్దంటాడు. మేడ మీద పిట్టగోడల మధ్య తిరుగుతున్నాను. పలకరించే మనిషి లేడు" అన్నారామె.

ఆ ఏడు ఉగాదికి ఆమె మా ఊరిలోని చెల్లెలి ఇంటికి వచ్చి, శ్రీరామనవమి దాకా ఉన్నారు. ఆ తొమ్మిది రోజులూ సాయంత్రం మా వీధిలో తాటాకుల పందిరి కింద ఉత్సవం. వాహనాలు లేవు. ఆమె ఇంటి నుండి పందిరికి, పందిరి నుండి గుడికి, గుడి నుండి ఇంటికి రోజుకు మూడు నాలుగు మార్లు తిరిగారు. పూలు కట్టారు, పదిమందితో కబుర్లు చెప్పారు. పదవ రోజున నా వద్దకు నడిచి వచ్చి, "తైలం అయిపోయిందండీ, ఇంకొక సీసా ఇవ్వండి. తెల్లవారుజామున నాలుగింటి దాకా నిద్ర పడుతోంది" అన్నారు.

పందిరి కీళ్లవాతాన్ని నయం చేసిందని నేను చెప్పడం లేదు. మోకాళ్ల నొప్పి కొంత మిగిలే ఉన్నది. ఆకలి, నిద్ర మాత్రం దారికి వచ్చాయి. మందు నాదే, దానికి కావలసిన పథ్యం వీధి సమకూర్చింది.

శాస్త్రం ఏమంటున్నది?

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో వ్యాయామ ఫలితాలను చెబుతూ శరీరానికి తేలికదనం, పనిచేసే శక్తి, జఠరాగ్ని దీప్తి కలుగుతాయని, మేదస్సు తగ్గుతుందని అన్నారు. వ్యాయామానికి ప్రశస్తమైన ఋతువులలో వసంతం ఒకటి. శిశిరంలో పేరుకున్న కఫం వసంతంలో సూర్యుని వేడికి కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుంది. ఆ సమయంలో శరీరం కదలాలి. ఉగాది నుండి నవమి వరకు జనాన్ని ఇళ్లలో నుండి వీధిలోకి తెచ్చే వసంత నవరాత్రులు సరిగ్గా ఆ రోజులలోనే వస్తాయి.

చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో జనపదోధ్వంసం, అనగా ఊళ్లకు ఊళ్లే రోగాల పాలు కావడం గురించిన చర్చ ఉన్నది. గాలి, నీరు, నేల, కాలం చెడినప్పుడు వేర్వేరు ప్రకృతులు గలవారు కూడా ఒకేసారి జబ్బు పడతారని అందులో చెప్పారు. చెడిన గాలి లక్షణాలలో దుమ్మునూ పొగనూ ప్రత్యేకించి పేర్కొన్నారు. నేటి మన రహదారికి ఇంతకంటె వేరే వర్ణన అక్కరలేదు.

ఆధునిక వైద్యం కూడా ఇదే తోవకు వచ్చింది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అదే సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. నడకకు చోటు, మాటకు మనిషి రెండూ ఒకేచోట దొరికేది వీధిలోనే.

నగరాలు వెతుక్కుంటున్నది

కొలంబియా దేశ రాజధాని బొగొటాలో 1974లో ఒక పద్ధతి మొదలైంది. ఆదివారం ఉదయం 7 గంటల నుండి మధ్యాహ్నం 2 గంటల వరకు ముఖ్య రహదారులపై మోటారు వాహనాలను ఆపి, నడిచేవారికి, సైకిళ్లవారికి విడిచిపెడతారు. నేడు వంద కిలోమీటర్లకు పైగా రోడ్లు ఆ విధంగా ఖాళీ అవుతున్నాయి. మన దేశంలో 2013 నవంబరులో గురుగ్రామ్‌లో 'రాహ్‌గిరి' పేరుతో ఆదివారపు వీధులు ప్రారంభమైనవి.

హైదరాబాదులో ఒక పౌరుని సూచనపై 2021 ఆగస్టు చివరి ఆదివారం నుండి ట్యాంక్‌బండ్‌పై సాయంత్రం 5 నుండి రాత్రి 10 గంటల వరకు వాహనాలను ఆపారు. అది 'సండే ఫన్‌డే'గా పేరుపొందింది. తెలుగు మహనీయుల విగ్రహాల నడుమ పిల్లలు నడిరోడ్డు మీద పరుగులు తీశారు. అదే ఏడాది అక్టోబరు 17న చార్మినార్ వద్ద కూడా అటువంటి సాయంత్రం జరిగింది.

ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. ఒక రోడ్డు మూస్తే పక్క రోడ్డుపై రద్దీ పెరుగుతుంది. జనం చేరిన చోటికి నూనెలో వేగిన తినుబండారాలు, చెవులు దద్దరిల్లే పాటలు కూడా చేరుతాయి. నడిచి తెచ్చుకున్న ఆరోగ్యాన్ని మిరపకాయ బజ్జీలకు అప్పగించి ఇంటికి వచ్చేవారున్నారు! అయినను మూల ఉద్దేశం మంచిది.

మా ఊరి పందిరి

నగరాలవారు కొత్తగా వెతుక్కుంటున్న దానిని మేము పోగొట్టుకోబోయాము. ఇబ్రహీంపట్నం నుండి మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం వైపు పోయే జాతీయ రహదారి మా ఊరిని ఆనుకొని ఉన్నది. నవమి నాటికి తోటలలో కాయ ముదురుతుంటుంది. కోతలు అందుకుంటే బంగినపల్లి, రసాల కాయలతో బండ్లు నున్న మార్కెట్టుకు బారులు తీరుతాయి. లోపలి వీధులలో సైతం ఆటోలు, మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు నిండిపోయాయి. దారికి అడ్డమని, పందిరిని వీధి నుండి తీసి ఒక హాలులో ఉత్సవం చేద్దామని ఒక ఏడాది ప్రతిపాదన వచ్చింది. సరేనన్నవారిలో నేనూ ఒకడిని. వైద్యశాలకు వచ్చే రోగుల ఆటోలు సులువుగా తిరుగుతాయని అనుకున్నాను.

ఆ ఏడు హాలుకు బండ్లున్నవారు వచ్చారు, ప్రసాదం తీసుకొని వెళ్లారు. మా వీధి ముసలివారిలో చాలామంది రాలేదు. కర్ర ఊతంతో అరుగు దిగి పది అడుగులలో పందిరి చేరేవారికి అరమైలు దూరం కాశీతో సమానమైంది. ఆ తరువాత నా వద్దకు వచ్చిన వృద్ధులు నొప్పులతో పాటు ఈ మాట కూడా చెప్పుకున్నారు. మరుసటి ఏడు పందిరిని తిరిగి వీధిలోకి తెచ్చాము. సాయంత్రం 5 నుండి 9 వరకే వాహనాలు ఆపాలనీ, అంబులెన్సు వస్తే తొలగించేందుకు వీలుగా వీధి మొగలో వెదురు గడను మాత్రమే అడ్డం కట్టాలనీ నియమం పెట్టుకున్నాము. పైన చెప్పిన తల్లి వచ్చినది ఆ ఏడే. పందిరి హాలులోనే ఉండిపోతే, నేను ఆమెకు మరొక సీసా తైలం ఇచ్చి ఊరకుండేవాడిని.

పానకం, వడపప్పు

వీధి ఉత్సవానికి తగిన ఆహారం మన పెద్దలు ఏనాడో నిర్ణయించారు. లీటరు నీటిలో 150 గ్రాముల పాత బెల్లం కరిగించి వడకట్టి, అర చెంచా మిరియాల పొడి, పావు చెంచా శొంఠి పొడి, నాలుగు ఏలకులు పొడిచేసి కలపాలి. కొత్త బెల్లం కఫాన్ని పెంచుతుంది. మిరియం, శొంఠి ఆ దోషాన్ని అణచివేస్తాయి. పెద్దలకు ఒక చిన్న గ్లాసు చాలు. మధుమేహం ఉన్నవారు పానకం మాని, వడపప్పుతో తృప్తిపడాలి. పెసరపప్పును రెండు గంటలు నానబెట్టి, పచ్చి మామిడి కోరు, కొద్దిగా కొబ్బరి, ఉప్పు చేర్చితే వడపప్పు సిద్ధం. పప్పులలో పెసర తేలికైనది. అయినను పచ్చిది గనుక బాగా నమలాలి, గుప్పెడు మించరాదు.

మీ వీధిలో చేయదలిస్తే

1. పురపాలక సంఘం లేదా పంచాయతీ, పోలీసుల అనుమతి పొందండి. ప్రతి ఇంటికి ముందుగా చెప్పి, బండ్లు ఎక్కడ నిలపాలో నిర్ణయించండి. అంబులెన్సుకు, అగ్నిమాపక యంత్రానికి దారి ఉండాలి.

2. వేసవిలో తెల్లవారుజాము గాని, పొద్దు వాలిన తరువాత గాని మంచిది.

3. శక్తిలో సగం మేరకే శ్రమ చేయాలి. నుదుట చెమట పట్టి, నోరు ఎండుతున్నదంటే ఆగవలసినదే. పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగిన వేగం వృద్ధులకు తగినది. భోజనం చేసిన వెంటనే ఆటలు వద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం కలిగితే ఇంటి వైద్యం చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

4. నాలుగు అడుగులకొక కుర్చీ, తాగే నీరు ఉంచండి. లౌడ్‌స్పీకర్లు మానండి.

5. నెలకు ఒక ఆదివారమైనా తప్పక జరపండి. ఒక్క పూట వేసిన మందు పనిచేయనట్లే, ఏడాదికొక్కసారి జరిగే ఉత్సవం చాలదు.

అన్నింటికంటె ముందు చేయవలసిన పని మరొకటున్నది. మీ వీధిలో గేటు దాటి బయటికి రాని పెద్దవారు ఎవరున్నారో తెలుసుకోండి. వాహనాలు ఆగిన ఆ సాయంత్రం మీరే వెళ్లి, వారి చేయి పట్టుకొని నాలుగు అడుగులు నడిపించండి. తైలం, చూర్ణం మేము ఇస్తాము. ఈ చికిత్స మాత్రం మీ చేతిలోనే ఉన్నది.