ఆ మాత్ర ఒక్కపూట మానితే ఏం?

మలక్‌పేట రైలు వంతెన మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చాదర్‌ఘాట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ పోయే బస్సులు దాని కిందుగా వెళతాయి. వాహనాలు వంతులవారీగా కదిలితే ఇబ్బంది లేదు. అన్నీ ఒక్కసారే ముందుకు దూకితే? ఏ బండీ కదలదు!

మన మెదడులోనూ ఇలాంటి రాకపోకలున్నాయి. కోట్లాది నాడీకణాలు చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో పనులు జరిపిస్తాయి. "పో" అనే సంకేతాలున్నట్టే "ఆగు" అనేవీ ఉన్నాయి. ఈ సమతూకం చెడి, ఎన్నో కణాలు ఒక్కుమ్మడిగా సంకేతాలు పంపితే ఫిట్ వస్తుంది. ఫిట్స్ మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బే మూర్ఛ. ఇది అంటువ్యాధి కాదు, గాలి సోకడమూ కాదు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది.

దీనికి వాడే మందుల్లో వాల్‌ప్రొయేట్ ఒకటి. దీని కథ వింతైనది. 1882లో బర్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వాల్‌ప్రొయిక్ ఆమ్లాన్ని తయారుచేశాడు. ఎనభై ఏళ్ళపాటు అది ఇతర పదార్థాలను కరిగించడానికే పనికొచ్చింది. 1962లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో శాస్త్రజ్ఞులు కొన్ని కొత్త పదార్థాలను అందులో కరిగించి, జంతువులపై పరీక్షించారు. ఆశ్చర్యం! ఏది కరిగించినా ఫిట్స్ తగ్గాయి. గుణం కరిగినదానిలో కాదు, కరిగించినదానిలోనే ఉందన్నమాట! 1967లో ఫ్రాన్సులో అది మందుగా వాడుకలోకి వచ్చింది.

ఈ మందు "ఆగు" అనే సంకేతాలకు బలమిస్తుంది. కణాలు అదేపనిగా చెలరేగకుండా అదుపు చేస్తుంది. అయితే అది ఒంట్లో ఎల్లకాలం నిలవదు. సుమారు 9 నుంచి 16 గంటల్లో రక్తంలోని మందు సగమవుతుంది. లెక్కకు 12 గంటలనుకుందాం. ఉదయం 8 గంటలకు 100 పాళ్ళుంటే, రాత్రి 8కి 50, మర్నాడు ఉదయానికి 25. రాత్రి మాత్ర మరిచిపోతే ఏమవుతుందో మీరే గ్రహించండి.

"ఆరు నెలలుగా ఫిట్ రాలేదు, ఇంకా మాత్రలెందుకు?" అని కొందరు మానేస్తారు. స్నేహితులు చూస్తారన్న సిగ్గుతో విహారయాత్రకు మాత్రలు తీసుకుపోనివారూ ఉంటారు. ఫిట్ రాకపోవడానికి ఆ మాత్రే కారణం కావచ్చు కదా! ఉన్నట్టుండి మానితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణానికే ముప్పు రావచ్చు. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పుడు తగ్గించాలి అన్నది డాక్టరే చెప్పాలి. సరైన చికిత్స అందితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు.

మీ ఎదుట ఎవరికైనా ఫిట్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టకండి, నోట్లో ఏమీ కుక్కకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర బొత్తాలు వదులు చేయండి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే వెంటనే 108కి ఫోను చేయించండి. తేరుకున్నాక నవ్వకండి, పక్కన కూర్చోండి. మాత్ర వేసుకోవడానికి మీ నేస్తం సిగ్గుపడుతుంటే, మంచినీళ్ళ గ్లాసు మీరే అందించండి.