పరుగుకు ఎన్ని రోజులు? కరాటేకు ఎన్ని రోజులు?



హైదరాబాదు నుండి సోలాపూరు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద, జహీరాబాదు దాటి కర్ణాటక సరిహద్దు చేరబోయే ముందు వచ్చే ఊరు చిరాగ్‌పల్లి. అక్కడి రవాణా శాఖ చెక్‌పోస్టు మూలముగా ఎన్నో ఏళ్ళు లారీ డ్రైవర్లందరి నోటా నలిగిన పేరు. ఈ ప్రాంతములో తెల్లవారక ముందే లేచి రోడ్డు పక్కన పరుగెత్తే యౌవనస్థులను మనము చూస్తూనే ఉన్నాము. వారిలో కొందరు సాయంత్రము తెల్ల దుస్తులు, నడుముకు బెల్టుతో కరాటే క్లాసుకు వెళ్తారు. ఆట వీరికి జీవనోపాధి కాదు. పగలు కాలేజీయో, చెరకు తోటయో, కంపెనీలో షిఫ్టో ఉంటుంది. మిగిలిన రెండు పూటలలోనే ఈ రెండు సాధనలు ఇమడాలి.

రెండూ ఎందుకు, ఒకటి చాలదా అని తల్లిదండ్రులు అడుగుతారు. పరుగు సంగతి వారికి తెలుసు. 2022 నాటి తెలంగాణ పోలీసు కానిస్టేబులు నోటిఫికేషనులో పురుషులు 1600 మీటర్లు 7 నిమిషముల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లు 5 నిమిషముల 20 సెకన్లలో పరుగెత్తాలని ఉంది. ఇంటికొక ఉద్యోగము వస్తుందన్న ఆశతో మొదలుపెట్టిన పరుగు కొందరిని పది కిలోమీటర్లకు, ఇరవై ఒక్క కిలోమీటర్ల హాఫ్ మారథానుకు లాక్కుపోయింది. కరాటే అయితే చాలామందికి బడిలోనే పరిచయము. ప్రభుత్వ పాఠశాలలలో బాలికలకు ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నందున ఆడపిల్లలు కూడా నేర్చుకుంటున్నారు. ఒకసారి రుచి తెలిసిన తరువాత రెండింటిలో దేనినీ వదలబుద్ధి కాదు.

ఈ రెండింటినీ ఒకే మాటలో కలిపినవాడు మనకు బాగా తెలిసిన అపొస్తలుడే. పౌలు కొరింథులో సంవత్సరమున్నర ఉన్నాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయము చెబుతుంది. ఆ పట్టణమునకు దగ్గరలోనే రెండేళ్ళకొకసారి ఇస్త్మియా క్రీడలు జరిగేవి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయము చివర ఆయన పరుగు పందెగాణ్ణీ, గుద్దులాడేవాణ్ణీ ఒకే వచనములో పక్కపక్కన నిలబెట్టాడు. గురి లేని పరుగు, గాలిని కొట్టే పోట్లాట వద్దన్నది ఆయన భావము. కరాటేలో కటా అంటే గాలిని కొట్టడమే గదా అని ఒక యౌవనస్థుడు మమ్మల్ని నవ్వుతూ అడిగాడు. నిజమే గాని, కటా చేసేవాడు కనబడని ప్రత్యర్థిని ఎదురుగా నిలబెట్టుకొనే ప్రతి దెబ్బా వేస్తాడు. గురి లేకుండా కొట్టేది కటా కాదు, కసరత్తు.

పౌలు చెప్పిన ఆ గురి లేకపోవడమే మన పిల్లల దగ్గర కనిపించే లోపము. సోమవారము నుండి ఆదివారము వరకు దొరికిన పూటనల్లా పరుగెత్తుతారు, పిలిచిన క్లాసుకల్లా వెళ్తారు. రెండు నెలలు ఉత్సాహముగా సాగుతుంది. మూడవ నెలలో మోకాలి కింద ముందరి ఎముక నొప్పి మొదలవుతుంది, కాలు పైకి లేవదు, పరుగులో వేగము తగ్గుతుంది. బద్ధకము అని ఇంట్లో తిడతారు. అది బద్ధకము కాదు.

దూరపు పరుగులో ఒకే కదలిక వేలసార్లు జరుగుతుంది. తొడ వెనుక కండరములు, పిక్కలు బిగుసుకుపోతాయి. కరాటేలో పక్కనుండి తిప్పి కొట్టే మవాషి గేరి వంటి దెబ్బకు తుంటి బాగా తెరుచుకోవాలి. నిన్నటి పదిహేను కిలోమీటర్ల బరువు కాళ్ళలో ఉండగా ఆ దెబ్బ వేస్తే తుంటి తిరగదు, ఆ మెలిక అంతా మోకాలు భరించవలసి వస్తుంది. అయితే ఇవి ఒకదానికొకటి శత్రువులనీ అనలేము. కుమితేలో ఒక్కొక్క పోటీ పెద్దవారికి మూడు నిమిషములే గాని, ఒకే రోజున నాలుగైదు సార్లు బరిలోకి దిగవలసి రావచ్చు. పరుగు అలవాటున్నవానికి మధ్యలో ఊపిరి త్వరగా కుదుటపడుతుంది. కరాటే చేసేవానికి చీలమండ, నడుము గట్టిపడి గతుకుల దారిలో కాలు మడత పడడము తగ్గుతుంది.

కాబట్టి వారమును ముందుగా కాగితము మీద వ్రాసుకోవాలి. పొలమూ చదువూ ఉన్నవారికి మాకు తోచిన ఏర్పాటు ఒకటి చెబుతాము. దూరపు పరుగు శనివారము ఉదయము. ఆదివారము రెండూ లేవు. సోమవారము పక్కవానితో మాట్లాడుతూ పోగలిగినంత నెమ్మదిగా నాలుగైదు కిలోమీటర్లు. మంగళవారము ఉదయము వేగపు పరుగు, అదే సాయంత్రము క్లాసులో కటా, ప్రాథమిక దెబ్బలు మాత్రమే. బుధవారము అరగంట నెమ్మది పరుగు. గురువారము పరుగు లేదు, సాయంత్రము కుమితే. శుక్రవారము ఒళ్ళు సాగదీసుకోవడము తప్ప మరేమీ వద్దు. ఇందులో గుర్తుంచుకోవలసినది ఒకటే: వేగపు పరుగు, కుమితే, దూరపు పరుగు, ఈ మూడూ గట్టి పనులు, ఏ రెండూ వెంట వెంట రోజులలో పడకూడదు. శనివారపు దూరమును వారానికి ఒక కిలోమీటరు చొప్పున పెంచి, నాలుగవ వారము తగ్గించాలి.

ఈ ఏర్పాటు ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. పరుగు పోటీ రెండు నెలలలో ఉంటే కరాటే వారానికి ఒక్క రోజుకు దిగాలి. బెల్టు గ్రేడింగ్ దగ్గరపడితే వేగపు పరుగు మానేసి నెమ్మది పరుగులు రెండు మూడు ఉంచుకుంటే చాలు. రెండింటిలోనూ ఒకే నెలలో శిఖరమెక్కాలనుకొనేవాడు రెండింటికీ మధ్య జారిపడతాడు. ఈ మాట మాస్టరుకు కూడా ముందే చెప్పాలి. మంచి మాస్టరు కోపగించుకోడు.

పట్టణపు పుస్తకములలో దొరకని లెక్క ఒకటి ఉంది. మన ప్రాంతములో చెరకు నరికే కాలములో పగలంతా వంగి కొడవలి పట్టినవాని శరీరము అప్పటికే ఒక సాధన ముగించింది. నడుమూ భుజములూ పని చేసి అలసినవి. ఆ సాయంత్రము కుమితేకు వెళ్ళి, మరునాటి ఉదయము పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తితే లెక్క తప్పుతుంది. పొలము పనిని కూడా సాధనలోనే వ్రాసుకోండి. ఆ నెలలలో వారానికి రెండు పరుగులు, ఒక కరాటే క్లాసు సరిపోతాయి. వేసవిలో పనులు తగ్గినప్పుడు పెంచుకోవచ్చు, అప్పుడు ఎండకు ముందే ముగించాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు నిద్రపోకుండా పరుగుకు వెళ్ళకూడదు.

శరీరము అలసిందని ఎలా తెలుస్తుంది? ఉదయము మంచము దిగక ముందు నాడి ఒక నిమిషము లెక్కపెట్టి వ్రాసుకోండి. ఎప్పుడూ ఉండేదానికన్నా ఎనిమిది, పది ఎక్కువగా రెండు మూడు రోజులు వరుసగా ఉంటే ఆ వారము తగ్గించుకోవాలి. నిద్ర పట్టకపోవడము, చిన్న మాటకే విసుగు కూడా గుర్తులే. ఎముక మీద ఒకే చోట నొక్కితే ప్రాణము పోయినంత నొప్పి అయితే అమృతాంజనము రాసి పరుగెత్తవద్దు, డాక్టరుకు చూపించండి.

ఏలీయా కథ ఈ కోణములో మళ్ళీ చదవండి. రాజులు మొదటి గ్రంథము 18లో ఆయన కర్మెలు నుండి యెజ్రెయేలు వరకు, అంటే దాదాపు 25 కిలోమీటర్లు, వర్షములో అహాబు రథమునకు ముందు పరుగెత్తాడు. అంతకు ముందు రోజంతా బయలు ప్రవక్తలతో పోరాడి ఉన్నాడు. 19వ అధ్యాయములో అదే మనిషి బదరీ వృక్షము క్రింద పడి చావు కోరుకుంటాడు. దేవదూత ఆయనను గద్దించలేదు, ప్రసంగమూ చేయలేదు. రొట్టె పెట్టి, నీళ్ళిచ్చి, పడుకోనిచ్చి, లేపి మళ్ళీ పెట్టాడు. రొట్టె విషయములో మనకు లోటు లేదు. పస్తాపూరు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు కాపాడుకొచ్చిన జొన్న, సజ్జ, కొర్ర మన ముంగిట ఉన్నవే. జొన్నరొట్టె, పప్పు, కోడిగుడ్డు, పల్లీలు, బెల్లము ఉన్న ఇంటిలో డబ్బాలలో అమ్మే పొడులు కొనవలసిన పని లేదు. పరుగుకు రెండు గంటల ముందు మాత్రము రొట్టె తినకూడదు.

చివరకు ఒకదానిని ఎన్నుకోవలసి వస్తే? నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ మొదట పరుగు నేర్చుకున్నది. తరువాత బాక్సింగ్‌కు మారి, 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ విజేత అయింది, 2024లో తెలంగాణ పోలీసులో డీఎస్పీగా నియమించబడింది. ఎరిక్ లిడెల్ దీనికి ఎదురు దారిలో నడిచాడు. స్కాట్లాండు రగ్బీ జట్టులో ఆడుతూ ఉన్నవాడు, పరుగు కొరకు రగ్బీని విడిచాడు. రెండింటి అభిమానులైన యౌవనస్థులు అప్పుడే నిర్ణయించుకోనక్కరలేదు. ప్రపంచ పోటీలకు వెళ్ళేవారికి వచ్చే ప్రశ్న అది. సరదా కొరకు చేసేవానికి రెండూ ఉండవచ్చు, తక్కువ తక్కువగా.

లిడెల్ పేరు ఎత్తాము గనుక ఆదివారము సంగతి. మన యౌవనస్థులకు ఇదే అసలు ముల్లు. హైదరాబాదు మారథాను ఆగస్టులో ఆదివారము నాడే జరుగుతుంది. కరాటే టోర్నమెంట్లు, గ్రేడింగులు కూడా ఎక్కువగా ఆదివారమే పెడతారు. 1924 పారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల హీట్సు ఆదివారము పడినందున లిడెల్ పరుగెత్తలేదు, 400 మీటర్లలో 47.6 సెకన్లకు బంగారు పతకము గెలిచాడు. 1981లో వచ్చిన చారియట్స్ ఆఫ్ ఫైర్ సినిమాలో ఓడ ఎక్కబోతుండగా ఆయనకు ఆ సంగతి తెలిసినట్లు చూపించారు. వాస్తవములో నెలల ముందే తెలుసు. ఆ నెలలన్నీ 200, 400 మీటర్లకు సాధన చేసుకున్నాడు. క్యాలెండరు ముందుగా చూడడములోనే ఆయన విశ్వాసము కనిపిస్తుంది. మరొక సంగతి. మిషనరీగా చైనా వెళ్ళిన ఆయన 1945లో జపాను వారి నిర్బంధ శిబిరములోనే మరణించాడు. అదే శిబిరములో, ఆదివారము ఆటలో పిల్లలు కొట్టుకుంటున్నారని చూసి, తానే రెఫరీగా నిలబడ్డాడు.

మా అభిప్రాయము ఇది. ఏడాదికొక పోటీ ఆదివారము వస్తే కాపరితోనూ తల్లిదండ్రులతోనూ మాట్లాడుకొని తేల్చుకోవచ్చు. ప్రతి ఆదివారము ఉదయము ఆరాధన వేళకే పెట్టే క్లాసు మాత్రము పెద్ద నష్టము, అది నెమ్మదిగా అలవాటైపోతుంది గనుక. సంఘములోని నలుగురు పిల్లలు కలిసి అడిగితే మాస్టర్లు సాయంత్రానికి మార్చే అవకాశముంది.

కరాటేలో వంగి నమస్కరించడము విగ్రహారాధన కాదా అన్న సందేహము కూడా ఉత్తరములలో వస్తుంది. గురువుకు, ప్రత్యర్థికి వంగడము మన నమస్కారము వంటిదే. గోడ మీద పటము పెట్టి దానికి మొక్కమంటే వినయముగా పక్కకు నిలబడతానని చెప్పండి. 1922లో కరాటేను ఒకినావా నుండి టోక్యోకు తెచ్చిన ఫునకోషి గిచిన్ బడిపంతులు. కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదని ఆయన నేర్పేవాడు. కొట్లాటకు వెళ్ళేవాడు అవుతాడేమోనని భయపడే తల్లులు మాస్టరును అడగవలసినది ఈ మాటే, మీ దగ్గర ఇది నేర్పుతారా అని.

ఆడపిల్లల విషయములో ఒక మనవి. మన రాష్ట్రములో సగానికి పైగా స్త్రీలలో రక్తహీనత ఉన్నది. రక్తము తక్కువైన అమ్మాయికి రెండు కిలోమీటర్లకే ఆయాసము వస్తుంది, కరాటేలో కళ్ళు తిరుగుతాయి. ఆమెకు పట్టుదల లేదనుకుంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో హిమోగ్లోబిన్ పరీక్ష ఉచితము. సాధన మొదలుపెట్టక ముందు ఒకసారి, ఆరు నెలలకు మరొకసారి చేయించండి. ఐరన్ మాత్రలు టీతో మింగనివ్వకండి. తెల్లవారుజాము పరుగుకు అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళాలి, హైవే విడిచి ఊరి ఎర్రమట్టి బాట పట్టాలి. బాట లేని చోట ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడి వైపున, లేత రంగు బట్టలతో పరుగెత్తాలి.